సవరణ

“ఎవురప్పా పక్కన కూచున్యాది? ఇంతసేపట్నుంచి లేస్తాండావు, కూచుంటాండావు. ఆపరేషనంటే భయమా?”

చెన్నకేశవులు ఉలిక్కిపడ్డాడు. జమ్మలమడుగు కంటి ఆసుపత్రి వరండాలో వరసగా కూర్చున్నవాళ్లలో ఆమె చివరిది. డెబ్బై ఏళ్లుంటాయి. రెండు కళ్లలోనూ తెల్లటి పొర.

“భయమేం లేదమ్మా. ఊరికే.”

“ఏం పేరు?”

“నారాయణ” అని అబద్ధమాడాడు.

ముప్పై ఏళ్లు ప్రొద్దుటూరులో దినపత్రిక నడిపి, దాన్ని కొడుకు చేతిలో పెట్టినప్పటి నుంచి అతనికి కాలు ఒకచోట నిలవడం లేదు. సింహాద్రిపురంలో మంచినీళ్ల ప్లాంటు పెట్టించాడు. పులివెందులలో ఆడపిల్లల హాస్టలుకు మంచాలు కొనిచ్చాడు. ఇక్కడ ఈ వారం జరిగే ఆపరేషన్లన్నీ అతని ఖర్చే. ఇచ్చిన ప్రతిచోటా ఎవరికీ చెప్పకుండా ఓ మూల కూర్చుని, జనం తన గురించి ఏమనుకుంటున్నారో వినేవాడు. మంచి మాటే వినిపించేది. అయినా మనసు కుదుటపడేది కాదు. మరుసటి వారం ఇంకో ఊరు.

“ఇవన్నీ చేయిస్తాండే ఆయప్ప శానా మంచోడంట కదమ్మా?” అన్నాడు అలవాటుగా.

“మంచోడా?” ఆమె గొంతు పెరిగింది. “నా పేరు సుందరమ్మ. మాది వేముల. మా ఆయన శాంసన్ సారు, బడిలో అయివారు. పిల్లోళ్ల మధ్యాహ్నం బువ్వకిచ్చిన బియ్యం అమ్ముకున్యాడని ఆయప్ప పేపర్లో మొదటి పేజీలో, ఫోటో పెట్టి మరీ వేసినాడు. తప్పేం లేదని మళ్లా విచారణకొచ్చిన ఆఫీసరే రాసిచ్చె. ఆ కాగితం పట్టుకోని ఇద్దరమూ ప్రొద్దుటూరు పోతిమి. ‘చూద్దాంలేమ్మా’ అనె. యాడో లోపలి పేజీలో, సినిమా ప్రకటనల కింద రెండు లైన్లు వేసె. ఎవురు చదివినారప్పా? సారు మళ్లా బడికి పోలా. చర్చిలో గూడా వెనక బెంచీనే. పోయేదంకా తలెత్తలా.”

ఆ వార్తకు శీర్షిక పెట్టింది చెన్నకేశవులే.

“మరి ఆయప్ప దుడ్లతో ఆపరేషన్ ఎందుకు చేయించుకుంటాండావు?”

“కండ్లు నావి కదా!”

నర్సు రెబెకా వచ్చి ఆపరేషనుకు తీసుకుపోవడానికి ఆమె చెయ్యి పట్టుకుంది. “రేపు పొద్దున కట్టు విప్పుతాం” అంది.

రేపు పొద్దున ఆమె చూస్తుంది. తన ముఖం చూస్తుంది. చెన్నకేశవులు గబగబా కారెక్కాడు.

“పులివెందులకేనా సార్?” అన్నాడు డ్రైవర్ ఖాదర్.

“కాదు. ఆఫీసుకు పోనీ.”

ప్రొద్దుటూరు ఆఫీసులో కొడుకు యశ్వంత్ తండ్రి రాసిచ్చిన కాగితం చదివి తల పట్టుకున్నాడు.

“ఇరవై ఏండ్ల కిందటి ముచ్చట నాయనా! ఇప్పుడు తవ్వితే చెడేది నీ పేరే.”

“నా పేరుతోనే వెయ్యి. మొదటి పేజీలో. ఆ పొద్దు వేసినంత అక్షరాల్లో.”

“ఇన్నేండ్లు ఇచ్చినదంతా ఒక్క పొద్దులో పోతాది.”

“పోనీరా.”

మరునాడు పేపరు చేత్తో పట్టుకుని ఆసుపత్రికి వచ్చాడు. రెండుసార్లు గేటు దాకా వెనక్కి వెళ్లాడు. రెండుసార్లూ తిరిగొచ్చాడు.

రెబెకా కట్టు విప్పింది. సుందరమ్మ రెప్పలల్లార్చి కిటికీని చూసింది, గోడను చూసింది, చివరికి అతణ్ణి చూసింది. అతను పేపరు ఆమె చేతిలో పెట్టాడు.

“శాంసన్ మాస్టారు నిర్దోషి” ఆమె ఒక్కో అక్షరమే కూడబలుక్కుని చదివింది. కింద ఉన్న చిన్న అక్షరాలు ఆనలేదు. రెబెకా చదివి వినిపించింది. తప్పంతా నాదేనని రాసి, చివర చెన్నకేశవులు అని పేరు.

పేపర్లో ఉన్న భర్త ఫోటో మీద సుందరమ్మ అరచెయ్యి ఆనించింది.

“అమ్మా...” అన్నాడతను. “నా పేరు నారాయణ కాదు.”

ఆమె పేపరు మడిచి ఒళ్లో పెట్టుకుంది.

“నీ గొంతు గుర్తుపట్టినంకనే కదప్పా, నిన్న అదంతా చెప్పింది.”