తలుపు మూసి వెళ్ళిన దొంగ

సెలవు మర్నాడు దుకాణం తెరిచి లైటు వెయ్యగానే, ఇనప్పెట్టె తలుపు మీద చిటికెన వేలు దూరేంత కన్నం నగల మేస్త్రికి కనిపించింది.

వెనక కిటికీ ఊచ వంగి ఉంది. నేల మీద ఇనప రజను. నంబరు తిప్పి పెట్టె తెరిచాడు. ఒక్కొక్క పొట్లమే విప్పి చూశాడు. గొలుసులు, గాజులు, ఎర్రరాళ్ళ హారం... జనం నమ్మి మరమ్మతుకిచ్చిన నగలన్నీ ఉన్నాయి.

"పోలీసులను పిలుద్దామా?" అంది భార్య.

"పిలిస్తే వీధంతా గుప్పుమంటుంది. మన పెట్టెకు కన్నం పడిందని తెలిశాక ఎవరైనా ముక్కుపుడకైనా చేతిలో పెడతారా?"

"ఏమీ పోలేదు కదా బావా," అన్నాడు బావమరిది. దుకాణంలో రెండో బల్ల అతనిదే. "ఆ కన్నం పూడిపించేస్తే సరి."

"పూడ్చడానికి అదేమన్నా పిప్పిపన్నా? సగంలో వదిలేశారు. మిగతా సగానికి మళ్ళీ వస్తారు. నడు, చీకటి పడేలోగా కొత్త పెట్టె రావాలి."

భార్యను కాపలా పెట్టి ఇద్దరూ బయల్దేరారు.

ఇనప్పెట్టెల వ్యాపారి పెళ్ళిసంబంధాలు చెబుతున్నంత హుషారుగా ఒక్కో పెట్టెనూ చూపించాడు. మేస్త్రి చెయ్యి ముందు ఒక తెల్ల పెట్టె మీద పడింది.

"అది అగ్నిప్రమాదానికండీ. లోపల కాగితం కాలదు. దొంగకు మాత్రం అది బిస్కెట్ల డబ్బా. అందరూ చేసే పొరపాటే లెండి."

"మరి ఇది?"

"తలుపు గట్టిదే. కానీ బరువు లేదు. ఇద్దరు వస్తాదులొస్తే పెట్టెతో సహా ఎత్తుకుపోయి, ఇంట్లో తీరిగ్గా కోసుకుంటారు."

"అసలు పగలనిదే చూపించండి మహాప్రభో!"

"పగలని పెట్టె లేదండీ. దొంగను ఎంతసేపు ఆపుతుందన్నదే లెక్క. ఇదిగో, దీన్ని చూడండి." మూలనున్న నల్ల పెట్టెను తట్టాడు. కొండను తట్టినట్టు మొద్దుగా పలికింది. "నేలలోకి బోల్టులు దింపేస్తాం. డ్రిల్లు తగిలిందా, లోపల రెండో గడియ దానంతటదే పడిపోతుంది. ఇక దొంగ పక్కన కూర్చుని ఏడవాల్సిందే."

ధర విన్నాక మేస్త్రికే ఏడుపొచ్చింది.

"ఇంత పెద్దది మనకెందుకు బావా? మన గుమ్మంలోంచి దూరుతుందా?" బావమరిది అతని చెయ్యి పట్టుకుని లాగాడు.

"నువ్వు నోర్ముయ్. పొద్దుట్నుంచీ అన్నిటికీ అడ్డం పడుతున్నావు."

వ్యాపారి పాత పెట్టె ఎలా ఉందో చూస్తానన్నాడు. మేస్త్రి ఫోన్లో ఫొటో చూపించాడు. వ్యాపారి మొహంలో నవ్వు మాయమైంది.

"సగంలో వదిలేశారని ఎవరన్నారండీ? కన్నం పడాల్సిన చోటే పడింది. వీడు తలుపు తెరిచాడు. పని చూసుకుని, మళ్ళీ మూసి వెళ్ళాడు."

"అన్నీ ఉన్నాయి కదా!"

"ఉన్నవి అవేనా? అచ్చం అలాంటి గిల్టువి పెట్టిపోలేదు కదా? నంబరు ఇంకెవరికైనా తెలుసా?"

"పక్క వీధిలో దొంగలు పడ్డారని పోయినవారమే మార్చాను. ఇదిగో, వీడికి కూడా చెప్పలేదు," అంటూనే మేస్త్రి వీధిలో పడి పరుగెత్తాడు.

దుకాణానికొచ్చి గీటురాయి ముందేసుకుని కూర్చున్నాడు. తన కళ్ళనే నమ్మలేక, ప్రతి నగనూ గీశాడు, గీత మీద ఆసిడ్ చుక్క వేశాడు. గొలుసులు, గాజులు, హారం, అన్నీ అసలు బంగారమే. రవ్వంత తేడా లేదు.

అయినా అతని మొహం తేటపడలేదు.

"తెరిచి, ఏదీ ముట్టకుండా పోయాడంటే ఏమిటర్థం? లోపల ఏముందో చూసిపోయాడు. ఈసారి ఊడ్చుకుపోతాడు. ఇల్లు అమ్మినా నన్ను నమ్మినవాళ్ళందరికీ నగలు చేసివ్వలేను. ఇక ఏ మొహం పెట్టుకుని ఈ వీధిలో నడవను?" తల రెండు చేతుల్లో పెట్టుకున్నాడు.

భార్య తన చేతి గాజులు తీసి బల్ల మీద పెట్టింది. ఒకటి మణికట్టు దగ్గర ఇరుక్కుంటే సబ్బు రాసి లాగింది.

"ఇవి కరిగించి ఆ నల్ల పెట్టే తెచ్చెయ్యండి."

"అక్కా, వద్దు!" బావమరిది ఆ గాజులను తిరిగి ఆమె చేతిలో కుక్కాడు. "కొత్త పెట్టె అక్కర్లేదు. ఆ దొంగ మళ్ళీ రాడు."

"నీకెలా తెలుసురా?" అన్నాడు మేస్త్రి.

బావమరిది నేల మీదే కూలబడ్డాడు.

"పెళ్ళిలో ఒక్క పూట పెట్టుకుంటానని మా ఆవిడ ప్రాణాలు తోడేస్తే, ఆ ఎర్రరాళ్ళ హారం పోయినవారం నేనే పట్టుకెళ్ళాను బావా. ఖాళీ పొట్లం మడిచి అలాగే ఉంచాను. తెల్లారి తెచ్చేసరికి మీరు నంబరు మార్చేశారు. ఇవాళ సాయంత్రం హారం తాలూకు మనిషి వస్తుందన్నారు. ఏం చెయ్యను? నిన్న నేను పెట్టెకు కన్నం వేసింది, దాన్ని మళ్ళీ లోపల పెట్టడానికే!"