అరిగిపోయిన ఈ-బుక్

“మీరమ్మిన ఈ-బుక్ ఇవాళ్టి నుంచి మా లైబ్రరీలో తెరుచుకోవడం లేదు, మరిదిగారూ.”

ప్రచురణకర్త ఆఫీసుకే వచ్చి అడిగిన ఈ లైబ్రేరియన్, ఆయన భార్యకు స్వయానా అక్క. ఆయన తాపీగా నవ్వాడు.

“పాతికసార్లు అరువిచ్చారు కదా వదినా, అరిగిపోయింది. కాగితం పుస్తకమైతే ఈపాటికి అట్ట ఊడిపోయేది. దీనికి ఊడటం చేతకాదు కాబట్టి పాతికసార్లు కాగానే మేమే ఊడగొడతాం. మళ్లీ కొనుక్కోండి.”

“అచ్చు పుస్తకానికి రెండింతలు పోసి కొన్నాను. పిల్లల పుస్తకాలకని ఉంచిన డబ్బది.”

“ఈసారి మూడింతలు. నెల తిరక్కుండానే పాతికమంది చదివారంటే గిరాకీ ఎలా ఉందో చూడండి. చుట్టరికానికి తగ్గింపు లేదు.”

వదిన కుర్చీ లాక్కుని కూర్చుంది.

“పాతికమంది ఎక్కడ? ఒకరిద్దరు తప్ప, తీసుకున్నదంతా ఒకే మనిషి. రోజూ పొద్దున్నే తీసుకోవడం, ముందుమాట చదవడం, తిరిగిచ్చేయడం. కార్డు మీ పేరు మీదే ఉంది.”

ముందుమాట రాసింది కూడా ఆయనే.

“కాఫీ తాగుతూ ఫోనులో ఒకసారి చూసుకుంటాను. మనం రాసుకున్నది మనకు ముద్దు కదా వదినా.”

“మీ పుస్తకాన్ని మీరే మా లైబ్రరీలో అరువు తీసుకోవడమెందుకు?”

“డబ్బు కట్టనిదే ఎవరికీ తెరుచుకోకుండా గట్టి తాళం వేయించాను. అది నాక్కూడా తెరుచుకోదు.”

“అయితే మీరే ఒకటి కొనుక్కోవచ్చుగా?”

లోకజ్ఞానం లేని మనిషిని చూసినట్టు వదినకేసి జాలిగా చూశాడు ప్రచురణకర్త.

“అంత ధర పోసి ఎవరు కొంటారు వదినా?”