గుట్టలు దాటిన జట్టు

వ్యాన్ ఆగిన చప్పుడుకు రజని తలెత్తి చూసింది. సైకిల్ పంక్చరైతే రోడ్డు దిగువన వేపచెట్టు నీడలో కూర్చుని ట్యూబుకు అతుకు వేసుకుంటోంది. ఆర్మూర్ ఇంకెంతో దూరం లేదు. ఆదిలాబాద్‌కు సైకిల్ యాత్ర చేస్తున్న జట్టులో అందరూ ఇందాకే తొక్కుకుంటూ ఆమెను దాటుకుని ఊళ్లోకి వెళ్లిపోయారు. రావాల్సింది లీడర్ గంగాప్రసాద్ ఒక్కడే.

ఆయనా వచ్చాడు. సామాన్ల వ్యాన్‌లో వచ్చాడు.

ముందు సీట్లోంచి దిగి ఒళ్లు విరుచుకున్నాడు. డ్రైవర్ వెనక నుంచి సైకిల్ దించిపెట్టాడు. గంగాప్రసాద్ నీళ్ల సీసా తీసి నెత్తి మీద, వీపు మీద, చంకల కింద గుమ్మరించుకున్నాడు. వంగి, ఇంత మట్టి తీసి పిక్కలకు పూసుకున్నాడు. ఫోన్‌లో మొహం చూసుకుని జుట్టు చెదరగొట్టుకున్నాడు. ఆపైన సైకిలెక్కి, నోరు తెరిచి రొప్పుతూ ఊరివైపు తొక్కుకుంటూ పోయాడు.

రజని ట్యూబు పక్కన పడేసింది. నిజామాబాద్‌లో బయలుదేరింది మొదలు సిరికొండ, భీమ్‌గల్ గుట్టలన్నీ ఆమె పంటి బిగువున ఎక్కింది. ప్రతి గుట్ట మీదికీ అందరికన్నా ముందు చేరి, మిగతావాళ్ల కోసం కాచుకుని కూర్చుంది. చివరన వచ్చే ఈయన చెమట చూసి జాలిపడి, తన వాటా మజ్జిగ కూడా ఈయనకే పోసింది. అది తలచుకుంటే ఒళ్లంతా ఏదో పాకినట్టు అనిపించింది.

ఊళ్లో పసుపు మండీలో కమీషన్ ఏజెంట్ రామకిష్టయ్య దుకాణం ముందు జట్టు సన్మానానికి షామియానా వేశారు. పసుపు కుప్పలు ఒక పక్కకు జరిపి కుర్చీలు సర్దారు. రజనిది ఈ ఊరే. తల్లి భాగ్యవ్వ బీడీలు చుట్టే చాట పక్కన పెట్టి, వాడకట్టు ఆడవాళ్లందరినీ వెంటేసుకుని వచ్చి ముందు వరుసలో కూర్చుంది.

అతుకు వేసుకుని ఊళ్లోకి వచ్చిన రజని, జట్టులో తనతో బాగా కలిసిపోయిన శ్రేయను పక్కకు లాగింది.

"శ్రేయా, గా సార్ తొక్కుతలేడు. వ్యాన్‌ల వచ్చిండు. నా కండ్లతోని చూసిన."

శ్రేయ మొహంలో రంగు మారింది. "ఎవలకన్న చెప్పినవా అక్కా?"

"ఇప్పుడు చెప్త. నువ్వు నా పక్కన నిలబడు."

"వద్దక్కా, జర ఊకో. రేపు నిర్మల్ ఘాట్ ఎక్కేదుంది. ఆదిలాబాద్ దాకా అందరం కలిసే పోవాలె గద. టీమ్ పేరు ఖరాబైతది."

"గిసొంటి పేరు నీకు గూడ కావాల్నా?" రజని ఆమె చెయ్యి విదిలించేసింది. ఎంగిలి ముట్టుకున్నట్టు అనిపించి అరచెయ్యి ప్యాంటుకు తుడుచుకుంది.

వేదిక మీద రామకిష్టయ్య దండ వేశాడు. గంగాప్రసాద్ మైకు అందుకున్నాడు.

"మా టీమ్‌ల మీ ఊరి బిడ్డ ఉన్నది, రజని. పాపం, భీమ్‌గల్ గుట్ట నడిమిట్ల కూసోని ఏడ్సింది. నాతోని కాదు సార్, వ్యాన్ ఎక్కుత అన్నది. నేను ఊకుంటనా? వీపు మీద చెయ్యేసి, గుట్ట మీది దాక నూకుకుంట తీస్కవచ్చిన!"

చప్పట్లు మోగాయి. వెనక ఎవరో ఆడమనిషి కిసుక్కున నవ్వింది. భాగ్యవ్వ తల దించుకుంది.

రజని ఒక్క అంగలో వేదికెక్కి మైకు లాక్కుంది.

"ఈయన చెయ్యి నా వీపు మీద పడలే. ఈయన కాలు పెడల్ మీద గూడ పడలే. ఊరి బయట వ్యాన్ దిగి, సీసల నీళ్లు పోసుకుండు. మీరు చూస్తున్న చెమట గదే!"

భాగ్యవ్వ తలెత్తింది.

"ఏంది సార్, ఏమంటున్నది గీమె?" అన్నాడు రామకిష్టయ్య.

గంగాప్రసాద్ ఏమాత్రం తొణకలేదు. నవ్వాడు. "ఎండదెబ్బ తాకినట్టున్నది. జర నీళ్లియ్యుండ్రి. నా మాట మీద నమ్మకం లేకుంటే టీమ్‌ను అడుగుండ్రి. ఒక్కలు, ఒక్కలంటె ఒక్కలు గీమె దిక్కు నిలబడితె, ఈ దండ తీసి ఈడనే పెడ్త."

ఆ నవ్వును రజని ఇక చూడలేకపోయింది. జట్టు వైపు తిరిగింది.

"గుట్టలెక్కుకుంట వచ్చినోళ్లు నా పక్కకు రాండ్రి. ఉన్నది ఉన్నట్టు చెప్పుండ్రి!"

ఒక్కరూ కదల్లేదు. ఒకడు వంగి బూటు లేసు కట్టుకుంటున్నాడు. ఇంకొకడు ఫోన్ తీశాడు. మరొకామె పసుపు కుప్పల వైపు మొహం తిప్పుకుంది.

"థూ!" అంది రజని. ఆ మాట మైకులో మండీ అంతా వినబడింది. "గీయినకు గింత భయపడ్తరా? మీరేం మనుషులు?"

అప్పుడు శ్రేయ లేచింది. తల వంచుకుని, అడుగులో అడుగేసుకుంటూ వేదికెక్కింది. ఒక్కతైనా వచ్చిందనుకుని రజని పక్కకు జరిగి చోటిచ్చింది.

శ్రేయ మైకును అరచేత్తో మూసి, రజని చెవి దగ్గరికి వంగింది.

"భయం గాదక్కా... నువ్వు చూసింది రెండో ట్రిప్పు. నీ వెనక మలుపు దాక మొదటి ట్రిప్పుల మేమందరం వచ్చినం."