ఎనిమిదో మనిషి

కునుకు తాత తల మళ్లీ ఆమె భుజం మీద వాలింది.

"తాతా, ఇది దిండు కాదు" అంది కుట్టుపనికెళ్లే ఆమె, భుజం విదిలిస్తూ.

వ్యానులో అందరూ నవ్వారు. ముసలాయన కూడా బోసినోటితో నవ్వి, అన్నం డబ్బా ఒళ్లోకి లాక్కున్నాడు.

బస్సు ఆగిపోయి నాలుగేళ్లయింది. అప్పట్నుంచి పనులకెళ్లే వాళ్లకి ఆ పాత వ్యానే దిక్కు. ఎనిమిది మంది ఎక్కితేగాని డ్రైవరు తాళం తిప్పడు.

తొమ్మిది దాటితే కుట్టుమిషన్ల షెడ్డు గేటు మూసేస్తారు. నెలలో మూడుసార్లు గేటు బయట ఉండిపోతే ఆ మిషను ఇంకొకరిదే. ఇంట్లో మంచం పట్టిన తల్లి, బడికెళ్లే కూతురు ఆమె చేతుల మీదే బతుకుతున్నారు.

కునుకు తాత దారి మలుపులో ఎక్కుతాడు. ఇల్లెక్కడో ఎవరికీ తెలీదు. షెడ్డు పక్కనున్న రంపపు మిల్లులో పని. ఈ వయసులో అక్కడ కలప కోస్తాడా, కునుకు తీస్తాడా అని వ్యానులో వేళాకోళం.

ఆ శుక్రవారం సాయంత్రం దిగబోతూ మెట్టు మీద ఆగాడు.

"ఒంట్లో బాగాలేదమ్మా. రేపు రాలేనేమో."

"రాకపోతే నా భుజానికి సెలవు తాతా" అందామె, తల తిప్పకుండానే.

మర్నాడు రాలేదు. డ్రైవరు మూడు రోజులు ఏడుగురితోనే లాగాడు. నాలుగోనాడు, ముసలాయన్నైనా తీసుకురండి, ఇంకొకర్నైనా వెతుక్కోండి, రేపట్నుంచి మాత్రం కదలనని చెప్పేశాడు.

మధ్యాహ్నం అన్నం మానేసి ఆమె మిల్లు గేటు దగ్గరికి పరిగెత్తింది.

"తాతని పిలవడానికొచ్చానన్నా. ఆయన లేకపోతే మా బండి రాదు."

కాపలావాడు గేటు పక్క బెంచీ వైపు చూశాడు.

"ఆదివారం పోయాడమ్మా."

ఆమె గేటు ఊచ పట్టుకుంది. తను ఆఖరుసారి అన్న మాట గుర్తొచ్చింది. మొహమైనా చూడలేదు.

రేపటి బండి సంగతి తలచుకుని అడిగింది. "ఆయన పనిలోకి ఎవరొచ్చారన్నా? మా వ్యానులో సీటు ఖాళీగా ఉంది."

"పనెక్కడిదమ్మా? రెండేళ్ల కిందటే మాన్పించారు. రోజూ వచ్చి సాయంత్రం దాకా ఈ బెంచీ మీదే కూర్చునేవాడు. ఇంటి పట్టునుండొచ్చుగా పెద్దాయనా అంటే, నేనెక్కకపోతే బండి కదలదురా, పక్కసీటు పిల్లకి గేటు మూసేస్తారు అనేవాడు."