నిండే చట్రం

కోవిల్‌పట్టి అగ్గిపెట్టెల కంపెనీకి ఎనభై ఏళ్లు నిండాయని యజమాని పాత సామాన్ల ప్రదర్శనకు ఒక గది సిద్ధం చేయించాడు. ఒకప్పుడు చేత్తో పుల్లలు పేర్చే కొయ్య చట్రం నుంచి, రెండువేల మూడులో వచ్చిన కొత్త యంత్రం ఫోటో దాకా అన్నీ వరసగా పెట్టించాడు. ఆ యంత్రం పూటలో మింగే పుల్లలు పేర్చాలంటే ఊరి ఆడవాళ్లంతా ఏడాది కూర్చోవాలి. ఇది కొంచెం తగ్గించి చెప్పిన మాటే.

చిక్కల్లా ఒకటే. ఖాళీగా పెట్టిన కొయ్య చట్రం తెల్లారేసరికి పుల్లలతో నిండి ఉంటోంది. మూడోసారి యజమాని వాచ్‌మన్ అప్పాసామిని పిలిచి, "రేపూ ఇట్లే ఉండాదంటే నువ్వు ఇంటికి పో" అన్నాడు.

అప్పాసామి అనుమానం పెళ్లాం బొమ్మక్క మీదే. ఇరవై ఏళ్లు అక్కడే పుల్లలు పేర్చిన మనిషి, యంత్రం వచ్చాక ఇంట్లో కూర్చుంది. తాళంచెవి అతని మొలతాడుకే ఉంటుంది గానీ, మొగుడి మొద్దునిద్ర ఆమెకు తెలియనిదా?

ఆ రాత్రి ఆమెను వెంట తెచ్చి, గది వాకిట కూర్చోబెట్టి, రెండు చేతులూ పట్టుకున్నాడు.

"పెండ్లినాడు గూడా ఇంత గట్టిగా పట్టుకోలేదే మామా!" అని నవ్విందామె.

పన్నెండు దాటాక, తాళం వేసిన గదిలో టిక్కు టిక్కుమని చప్పుడు మొదలైంది. అప్పాసామి ఆమె చేతులు తడిమి చూశాడు. రెండూ ఉన్నాయి.

"ఎవరే అది?"

"బాగా పని తెలిసిన చెయ్యి. నాకంటే బిరబిరా పేరుస్తా ఉండాది."

చాలాసేపటికి చప్పుడు ఆగింది. అతను ఊపిరి వదిలాడు. "పోయినట్టుంది."

"పోలేదు మామా. చట్రం నిండింది, అంతే." బొమ్మక్క గొంతు తగ్గించింది. "నిండినాక మేము చెక్కమీద రెండు దెబ్బలు కొడతాము. అప్పుడు వాకిట్లో ఉండే మొగోడు ఇంకో ఖాళీ చట్రం తెచ్చి ఇయ్యాలి."

లోపల రెండు దెబ్బలు వినిపించాయి.

కాసేపు ఆగి, కొంచెం విసుగ్గా, మళ్లీ రెండు.