తేరిన నీళ్ళు

చెంబెడు నీళ్ళు పుల్లయ్య పాదాల మీద పడ్డాయి.

"ఏందిరా ఇది! ఒళ్ళు తెలుస్తలేదా?"

గాజుతొట్టి పక్కన కూర్చున్న మనిషి గబుక్కున చేతులు జోడించాడు. కానీ లేవలేదు.

పుల్లయ్యకు అదే మండింది. బస్తర్ సంస్థానం రోజులవి. భోపాల్‌పట్నంలో ఆయన బట్టల దుకాణం ముందు తహసీలు జవాన్లు కూడా నిలబడే మాట్లాడతారు.

"ఎవడు వీడు? లోపటికి ఎవరు రానిచ్చిన్రు?"

"నేనే రమ్మన్నానండీ మామయ్యగారూ," కోడలు మంగాదేవి తలుపు చాటునుంచి అంది. "పేరు పొజ్జా. చేపల తొట్టి బాగుచేస్తాడట."

ఆ తొట్టిని ఆమె తండ్రి రాజమండ్రి నుంచి పడవ మీద పంపాడు. అందులో ఎనిమిది ఎర్రచేపలు. భర్త వ్యాపారమంటూ జగదల్‌పూర్‌లోనే ఉండిపోయాడు. ఈ కొత్త ఊళ్ళో మంగాదేవి మనసు విప్పి మాట్లాడేది ఆ చేపలతోనే.

వానలు పట్టాక బావినీళ్ళు మడ్డిగా వచ్చాయి. రోజూ మార్చినా తొట్టిలో నీళ్ళు బియ్యం కడుగులా తెల్లబడిపోయేవి. వారంలో మూడు చేపలు చచ్చిపోయాయి.

"అడివిల బతికే దోర్లోనికి గాజుతొట్టి సంగతి ఏం ఎరుక?" అన్నాడు పుల్లయ్య.

"ఫారెస్టు దొర బంగళాల ఎనిమిదేండ్లు ఇసొంటి తొట్టి పనే చేసిన సావుకారీ," పొజ్జా తల వంచుకునే చెప్పాడు. "నీళ్ళన్నీ ఒక్కసారి పారబోస్తున్నరు, అందుకే చస్తున్నయి. ఉన్న నీళ్ళనే కుండలల్ల వడగట్టి మల్ల పొయ్యాలె. నాలుగు దినాలు ఇయ్యి."

"బాగుగాకుంటే తోలు తీస్త!"

పొజ్జా మూడు కుండలకు అడుగున చిల్లులు పెట్టి, ఒకదాని మీద ఒకటి నిలబెట్టాడు. పైదానిలో గులకరాళ్ళు, నడిమిదానిలో ఏటి ఇసుక, కిందిదానిలో కడిగిన బొగ్గు. తొట్టిలోంచి చెంబుతో నీళ్ళు తోడి పైన పోసేవాడు. కిందికి దిగిన నీళ్ళు వెదురు దోనెలోంచి మళ్ళీ తొట్టిలో పడేవి. మధ్యలో అరచేయి పట్టి, వేళ్ళతో రుద్ది, వాసన చూసేవాడు. పొద్దుటినుంచి సాయంత్రం దాకా అదే పని.

గంటకోసారి పిలిచేవాడు.

"చిన్నమ్మా, జర దగ్గరికొచ్చి చెప్పు. నీళ్ళు ఎట్లున్నయి?"

మంగాదేవి వచ్చి వంగి చూసేది.

"ఇంకా మసగ్గానే ఉన్నాయి."

మర్నాడు అంది, "అడుగు కాస్త కనిపిస్తోంది!"

మూడోరోజు ఇసుక మీద జిగట పట్టింది. పుల్లయ్య ముక్కు మూసుకున్నాడు.

"థూ! అంతా కడిగి పారెయ్."

"వద్దు సావుకారీ. ఆ జిగటే నీళ్ళను తేరుస్తది. కడిగితే మల్ల మొదటికొస్తది."

"నాకే ఎదురు చెప్తవారా?"

పొజ్జా చెంబు ముంచి మళ్ళీ పోశాడు. పుల్లయ్య పళ్ళు కొరుక్కుంటూ దుకాణానికి పోయాడు.

నాలుగోరోజు మధ్యాహ్నం ఆయన అన్నానికి వచ్చి గడప దగ్గరే ఆగిపోయాడు.

తొట్టికి ఆవైపు కోడలు వంగి ఉంది. ఈవైపు పొజ్జా రెప్ప వాల్చకుండా ఆమె ముఖంలోకే చూస్తున్నాడు. మధ్యలో నీళ్ళు తేటగా మెరుస్తున్నాయి.

"ఇప్పుడు చెప్పు చిన్నమ్మా. ఎట్లున్నది?"

"ఎంత బాగుందో! ఒక్కో పొలుసూ లెక్కపెట్టొచ్చు!" ఆమె నవ్వింది.

పొజ్జా కూడా నవ్వాడు.

పుల్లయ్య ఒక్క అంగలో వచ్చి కుండలను తన్నాడు. ఇసుక, బొగ్గు గదంతా చిందాయి.

"నీళ్ళు బాగుచెయ్యమంటే నా కోడలి ముఖం చూసుకుంట కూసుంటవారా!"

"జర ఇను సావుకారీ..."

చెంప పగిలింది.

"మామయ్యగారూ! ఆయనేం తప్పు చేశాడండీ?"

"నువ్వు లోపటికి పో!"

పొజ్జాను మెడ పట్టి వీధిలోకి గెంటాడు. బయట వాన దంచికొడుతోంది. ఊళ్ళోకి బజారు దారి కుడివైపు. పొజ్జా కాసేపు అక్కడే తడుస్తూ నిలబడి, ఎడమకు తిరిగి ఇంద్రావతి రేవు దారి పట్టాడు.

"పో! మల్ల ఈ గడప తొక్కితే కాళ్ళు ఇరగ్గొడ్త!"

లోపల మంగాదేవి కళ్ళు తుడుచుకుంది. గొంతు తగ్గించకుండానే అంది.

"నీళ్ళెలా ఉన్నాయో చెప్పమన్నాడు. అంతకుమించి ఒక్క మాట అనలేదు. ఈ పూట మీకు నేను వడ్డించను."

పుల్లయ్య తనే పెట్టుకుని తిన్నాడు. ముద్ద దిగింది. కోపం మాత్రం దిగలేదు.

దీపాలు పెట్టే వేళకు ఒక దోర్ల ఆడమనిషి గుమ్మంలోకి వచ్చి కొంగు పిండుకుంది.

"నేను ఇర్మెను సావుకారీ, పొజ్జా పెండ్లాన్ని. ఎనక వీధిల వడ్లు దంచుత. పనైతే దినాం లెక్కనే ఆయన్ని తీస్కపోత."

"ఇంక ఎక్కడి పని? పగటీలే ఎల్లగొట్టిన. ఇంటి కోడలి ముఖంలకు గుడ్లప్పగించి చూస్తున్నడు నీ మొగడు!"

ఇర్మె అర్థం కానట్టు నిలబడింది.

"ఎవరెంట పోయిండు?"

"ఒక్కడే."

"ఎటు?"

"ఏటి దిక్కు."

ఆమె చేతిలోని చేట కింద పడింది.

"ఈ వానల ఒక్కణ్ణి ఏటి దిక్కు తోలినవా!" ఇర్మె కేక వీధంతా వినిపించింది. "చెప్తే పని ఇయ్యరని నేనే చెప్పనియ్యలే సావుకారీ... ఆరేండ్లాయె నా మొగనికి కండ్లు కనబడక!"