చుట్టుదారి

ముళ్లపొదల మధ్య ఒక బొరియలో కుందేళ్ల గుంపు ఉండేది. మేతకు వెళ్లిన ఏ కుందేలూ తిన్నగా లోపలికి రాకూడదని, పొదలు చుట్టే రావాలని వాటి పెద్ద ధవళుడు కట్టడి చేశాడు. తిన్నగా వస్తే గడ్డి నలిగి దారి పడుతుంది, నక్క పసిగడుతుంది.

ఒకరోజు ఎండకు తాళలేక ధవళుడే తిన్నగా వచ్చేశాడు.

"చుట్టి రండి, పెద్దయ్యా," అంది గుమ్మం దగ్గర కావలి ఉన్న చుక్కమ్మ.

"ఆ కట్టడి పెట్టిందే నేను. నన్నే ఆపుతావా?" అని విసుక్కుని లోపలికి పోయాడు.

వెనక వస్తున్న కుందేళ్లు అది చూశాయి. మర్నాటి నుంచి చుక్కమ్మ ఎంత మొత్తుకున్నా ఒక్కటీ చుట్టి రాలేదు. గడ్డిలో దారి పడింది. ఆ దారి వెంటే నక్క వచ్చింది. వెనక కన్నం గుండా అన్నీ తప్పించుకున్నాయి కానీ, నిండు చూలాలైన గౌరి పరుగెత్తలేక దొరికిపోయింది.

"అంతగా చెప్పానే! ఒక్కరూ ఎందుకు వినలేదు?" అని ధవళుడు మండిపడ్డాడు.

"మీరు చెప్పింది విన్నాం, పెద్దయ్యా. మీరు చేసింది కూడా చూశాం," అంది చుక్కమ్మ ఏడుస్తూ.



గుంపు వేరే చోట కొత్త బొరియ తవ్వుకుంది. తొలివాన కుండపోతగా కురిసిన రోజు అన్నీ తడిసి ముద్దై పరుగెత్తుకొచ్చాయి. గుమ్మం ఎదురుగానే ఉంది. ముందున్న ధవళుడు ఆగి, వణుకుతూనే పొదల వైపు మళ్లాడు. మిగతా కుందేళ్లు ఆయన వెనకే నడిచాయి.